పికప్ బానెట్‌కు ఊతకడ్డీ బదులు గ్యాస్ షాకులు: కొలతల నుంచి బిగింపు దాకా

బొలెరో పికప్, టాటా యోధ లాంటి ముక్కున్న బండ్లలో ఎక్కువ వాటికి బానెట్‌ను నిలబెట్టేది ఒక్క సన్నటి ఊతకడ్డీ. కొన్నేళ్లు వాడాక కడ్డీ కూర్చునే రంధ్రం వెడల్పవుతుంది, కడ్డీ మొదట్లో ఉండే ప్లాస్టిక్ బుష్ విరిగిపోతుంది, కొస కాస్త వంగుతుంది. అలాంటి కడ్డీ మీద నమ్మకం పెట్టుకుని ఆషాఢం గాలుల్లో అనంతపురం పక్క రోడ్డు వార బానెట్ ఎత్తితే, ఒక్క విసురుకు బానెట్ రెండంగుళాలు లేస్తుంది, కడ్డీ జారుతుంది, రేకు నేరుగా తల మీదికి వస్తుంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి ఇంజన్ కాగినప్పుడు చూస్తే, ఆ కడ్డీని చేత్తో పట్టుకోవడమే కష్టం.

దీనికి మందు డిక్కీలకు ఉండే గ్యాస్ షాకుల్లాంటివే రెండు, బానెట్‌కు చెరో పక్క. పని పెద్దదేం కాదు, చేతిలో పనిముట్లు ఉంటే ఒక పూటలో అయిపోతుంది. కానీ ఆటోనగర్‌లో ఈ పని చెడిపోయే చోటల్లా కారణం ఒక్కటే. కొలత తీయకుండా ముందు షాకులు కొనేసి, తర్వాత వాటికి చోటు వెతుకుతారు. వరస తిరగేయాలి. ముందు చోటు, తర్వాత పొడవు, చివరికి బలం.

మూతి లేని లారీలకూ, సీటు కింద ఇంజన్ ఉండే టాటా ఏస్ లాంటి చిన్న బండ్లకూ ఇది వర్తించదు. క్యాబిన్‌ను ముందుకు వంచే (టిల్టు) వ్యవహారం పూర్తిగా వేరు.

షాకు లోపల ఏముంది

గొట్టంలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాసు, కొద్దిగా ఆయిలు, ఒక పిస్టను, నున్నటి రాడ్డు. ఇంతే. బలం గ్యాసుది. ఆయిలు పని రెండు రకాలు: చివర్లో కదలికను నెమ్మది చేయడం, రాడ్డు బయటికొచ్చే చోట ఉన్న సీలును తడిగా ఉంచడం. అందుకే బానెట్ మూసి ఉన్నప్పుడు రాడ్డు వైపు కిందికి, గొట్టం వైపు పైకి ఉండాలి. తలకిందులుగా పెడితే ఆయిలు సీలుకు దూరంగా చేరి, సీలు ఎండి, గ్యాసు మెల్లగా పోతుంది. కొత్త షాకు ఏడాదికే చచ్చిపోయిందంటే మొదట చూడాల్సింది ఇదే.

గొట్టం మీద ముద్రించే అంకె న్యూటన్లలో ఉంటుంది. పదితో భాగిస్తే ఉజ్జాయింపుగా కిలోలు: 200 న్యూటన్లంటే 20 కిలోల తోపుడు. ఆ అంకె 20 డిగ్రీల వేడి దగ్గర, రాడ్డు పూర్తిగా బయటికి ఉన్నప్పటిది. రాడ్డు లోపలికి వెళ్లేకొద్దీ బలం పెరుగుతుంది, పూర్తిగా నొక్కితే సుమారు 1.2 నుంచి 1.4 రెట్లు. వేడితోనూ పెరుగుతుంది. కర్నూలు మే నెల ఎండలో, 45 డిగ్రీల దగ్గర, ముద్రించిన దానికంటే ఎనిమిది శాతం పైన. ఇంజన్ వేడికి షాకు 70 డిగ్రీలకు చేరితే 17 శాతం. చలి దేశాల్లో షాకులు చలికి బలం తగ్గి బానెట్‌ను దించేస్తాయి. మన దగ్గర ఆ బెడద తక్కువ, కాబట్టి ‘కాస్త ఎక్కువే తీసుకుందాం’ అనే మాట ఇక్కడ చెల్లదు.

ఈ షాకులు మామూలుగా తట్టుకునే వేడి 80 డిగ్రీల వరకు. టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన చోటు బాగుందనిపించినా అటు పోవద్దు.

చోటు

ఒక్కో షాకుకు రెండు ఆధారాలు, షాకు కొసలు తొడుక్కునే గుండ్రటి బాల్‌లు: బానెట్ లోపలి ఫ్రేమ్ మీద పై బాల్, మడ్‌గార్డు లోపలి అంచు మీద కింది బాల్. ఈ రెండింటి చోటే మొత్తం పనికి ప్రాణం.

కింది బాల్ పై బాల్ కంటే బండి ముందువైపు ఉండాలి. అంటే బానెట్ మూసినప్పుడు షాకు ముందు నుంచి వెనక్కి, హింజ్ (బానెట్ తిరిగే కీలు) దిక్కుకు పడుకుంటుంది. అప్పుడు షాకు గీత దాదాపు హింజ్ పిన్ను మీదుగానే పోతుంది కాబట్టి, ఎంత బలంగా తోసినా బానెట్‌ను పైకి ఎత్తలేదు. లాక్ మీద భారం పడదు. బానెట్ లేచేకొద్దీ ఆ గీత పిన్నుకు దూరం జరుగుతుంది, పట్టు పెరుగుతుంది. మనకు కావాల్సింది ఇదే.

తిరగేసి, కింది బాల్‌ను హింజ్ దగ్గర కౌల్ (ముందు అద్దం కింది రేకు) మీద పెట్టారనుకోండి. తెరిచినప్పుడు పట్టు తక్కువ, మూసినప్పుడు ఎక్కువ. తెరిచి నిలబెట్టడానికి పెద్ద బలం కావాలి, అదే బలం మూసి ఉన్నంతసేపూ లాక్‌ను పైకి తోస్తూ ఉంటుంది. ఇలా బిగించిన బండ్లలో లాక్ వదులవుతుంది, గతుకుల్లో బానెట్ టకటకమంటుంది, వెనక మూలలు మడ్‌గార్డు కంటే పైకి తేలతాయి.

ఇప్పుడు ఒక లెక్క. ఇవి మచ్చుకు తీసుకున్న అంకెలు. మీ బండివి మీరే కొలవాలి. హింజ్ పిన్ను నుంచి బానెట్ ముందు అంచు దాకా 110 సెం.మీ. పై బాల్ పిన్నుకు 25 సెం.మీ. ముందు, 4 సెం.మీ. కింద. కింది బాల్ పిన్నుకు 60 సెం.మీ. ముందు, 12 సెం.మీ. కింద. మూసినప్పుడు రెండు బాల్‌ల మధ్య దూరం 35.9 సెం.మీ., 50 డిగ్రీలు తెరిచినప్పుడు 49.9 సెం.మీ. తేడా 14 సెం.మీ. దీనికి సరిపడే షాకు పూర్తి పొడవు 500 మి.మీ., రాడ్డు నడక 150 మి.మీ. నొక్కితే 350 అవుతుంది, మూసినప్పుడు 359 చోటుంది, 9 మి.మీ. మిగులు. ఆ మిగులు 5 మి.మీ. కంటే తగ్గకూడదు. మిగులు లేకపోతే బానెట్ లాక్‌కు చేరకముందే షాకు లోపల అడుగంటుతుంది, అంటే రాడ్డు ఇక లోపలికి దిగదు. ‘కొంచెం గట్టిగా నొక్కు’ అని ఒకరు మీద వాలితే రేకు మధ్యలో మడత పడుతుంది. ఆ మడత డెంటింగ్‌తో కూడా పూర్తిగా పోదు.

పొడవులన్నీ బాల్ మధ్య నుంచి బాల్ మధ్యకు. గొట్టం అంచు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

మూసిన బానెట్ లోపల దూరం కొలవడం ఎలా? 15 మి.మీ. ప్లాస్టిక్ పైపు ముక్క, అందులో వదులుగా జారే సన్న కడ్డీ, కడ్డీ మీద బిగుతుగా ఒక జిప్ టై. పైపు పై కొసను పై బాల్ చోట, కడ్డీ కింది కొసను కింది బాల్ చోట తీగతో కట్టండి. జిప్ టైను పైపు మూతికి ఆనించి, బానెట్‌ను మెల్లగా మూసి లాక్ వేసి మళ్లీ తెరవండి. పైపు తోసిన చోటే జిప్ టై ఆగిపోయి ఉంటుంది. కడ్డీని పైపులోకి జిప్ టై తగిలేదాకా నెట్టి, కొస నుంచి కొసకు టేపు పెడితే మూసినప్పటి దూరం వచ్చేసినట్టే. రెండు పక్కలా విడివిడిగా కొలవండి. ప్రమాదంలో ఒకసారి ముందుభాగం దెబ్బతిన్న బండికి ఎడమ కుడి ఒకటే ఉంటాయనుకోవద్దు.

తెరిచే కోణం కంపెనీ కడ్డీ ఇచ్చినంతే ఉంచండి. ఇంకా ఎత్తుకు పోతే బానెట్ వెనక అంచు వైపర్ చేతులకు, కౌల్‌కు తగిలి పెయింటు లేస్తుంది. కోణం చూడటానికి ఫోనులో లెవెల్ యాప్ చాలు.

అడ్డాలు కూడా చూసుకోవాలి: ఎయిర్ ఫిల్టర్ డబ్బా, బ్రేక్ ఆయిల్ డబ్బా, వాషర్ పైపు, బ్యాటరీ పాజిటివ్. బ్రాకెట్ తాత్కాలికంగా పెట్టి, దాని ఎత్తైన చోట్ల గట్టిగా కలిపిన చపాతీ పిండి ముద్ద పెట్టి బానెట్ మూయండి. తెరిచాక నలిగిన ముద్ద మందం ఎంతుందో అదే అక్కడి ఖాళీ. 6 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఆ చోటు వదిలేయండి. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో ఊగే ఊపుకు ఆ మాత్రం ఖాళీ ఉండాల్సిందే.

బలం

కూరగాయలు తూచే వేలాడే కాటా ఒకటి తెచ్చుకోండి. బానెట్ లాక్ తీసి, ముందు అంచు మధ్యలో కొక్కెం తగిలించి, రబ్బర్ల నుంచి విడిపడేలా ఒక నాలుగంగుళాలు నిట్టనిలువుగా ఎత్తి అంకె చూడండి. మన లెక్కలో 9 కిలోలు వచ్చిందనుకుందాం. 9 × 110 = 990 కిలో-సెం.మీ. బానెట్ హింజ్ చుట్టూ వేసే భారం ఇది. బుల్ గార్డు బానెట్‌కు కాక ఛాసిస్‌కు ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. బానెట్ మీదే ఎల్ఈడీ బార్, రేకు స్కూప్ ఉంటే వాటితో సహా తూచండి. ముందు కట్టిన నిమ్మకాయల దండ తీసేయనక్కర్లేదు.

బానెట్ లేచేకొద్దీ ఈ భారం తగ్గుతుంది. తెరిచిన కోణం 40 డిగ్రీలైతే 0.77తో, 50 అయితే 0.64తో, 60 అయితే సగంతో గుణించండి. 990 × 0.64 = 634.

తర్వాత పట్టు దూరం. బానెట్ తెరిచి ఉండగా పై బాల్ చోటు నుంచి కింది బాల్ చోటుకు దారం లాగి, హింజ్ పిన్ను నుంచి ఆ దారానికి మూలమట్టంతో లంబంగా ఎంత దూరమో కొలవండి. పై చోట్లకు అది 24.5 సెం.మీ. వస్తుంది. షాకులు రెండు కాబట్టి 634 ÷ (2 × 24.5) = 13 కిలోలు. పాతబడ్డాక తగ్గే బలానికి, గాలికి కలిపి పాతిక శాతం చేర్చితే 16 కిలోలు, అంటే ఒక్కో షాకు 160 న్యూటన్లు.

160 పెడితే బానెట్‌ను మూడొంతులు చేత్తో ఎత్తాలి, అక్కడి నుంచి అది నిలబడుతుంది. 200 పెడితే సగం ఎత్తాక తనంతట తను లేస్తుంది. మూసేటప్పుడు ముందు అంచు మీద మూడున్నర కిలోల లోపు ఒత్తిడితో కదులుతుంది. మా ఓటు 200కే. దుకాణంలో 400 అంటగడితే? మూయడం మొదలుపెట్టాలంటే ముందు అంచును పన్నెండు కిలోల పైగా బలంతో కిందికి లాగాలి. ఆ లాగుడంతా బ్రాకెట్ మీదా, హింజ్ మీదా, పై బాల్ చుట్టూ ఉన్న పల్చటి రేకు మీదా పడుతుంది. కొన్నాళ్లకు అక్కడ పెయింటు వెంట్రుకలా చిట్లుతుంది, తర్వాత రేకే చిట్లుతుంది.

ఒక్క షాకుతో సరిపెట్టాలనే ఆలోచన వద్దు. పికప్ బానెట్ వెడల్పుకు ఒక పక్క తోపుడు పడితే మెలి తిరుగుతుంది. స్క్రాపులో దొరికే పాత డిక్కీ షాకులూ వద్దు, వాటిలో ఎంత గ్యాసు మిగిలిందో చూసి చెప్పే మార్గం లేదు.

సామాను

మీ మోడల్‌కే చేసిన కిట్టు దొరికితే పై లెక్కలన్నీ చేసే శ్రమ తప్పుతుంది, బ్రాకెట్లు కూడా అందులోనే వస్తాయి. దొరక్కపోతే: ఒకే పొడవు, ఒకే బలం ఉన్న షాకులు రెండు, 8 మి.మీ. రాడ్డు, 18 మి.మీ. గొట్టం ఉన్నవి. 10 మి.మీ. బాల్ స్టడ్లు నాలుగు, ఎం8 (8 మి.మీ.) మరతో. 3 మి.మీ. ఇనుప పట్టీతో చేయించిన బ్రాకెట్లు నాలుగు. నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి), వెడల్పు వాషర్లు, అవసరమైతే ఎం6 రివెట్ నట్లు (రేకు రంధ్రంలో నొక్కి పట్టించేవి). జింక్ ప్రైమర్ చిన్న డబ్బా. పానాలు 10, 12, 13. 

బ్రాకెట్లు లేత్ షాపులో చేయిస్తే వంపుల దగ్గర లోపలి మూలను మరీ పదునుగా వంచొద్దని చెప్పండి, చీలిక మొదలయ్యేది అక్కడే. ఎడమవి రెండు, కుడివి రెండు, అద్దంలో బింబంలా ఎదురెదురుగా రావాలి. నాలుగూ ఒకే వైపువి చేసి ఇచ్చే షాపులు ఉన్నాయి, తెచ్చుకునే ముందు బల్ల మీద పెట్టి చూడండి.

బిగింపు

ఇద్దరుండాలి. బండి నీడన, గాలి అడ్డుకునే గోడ పక్కన, ఇంజన్ చల్లారాక. కడ్డీ మీద బానెట్‌ను నిలబెట్టండి. కడ్డీని ఇప్పుడే కాదు, అసలెప్పుడూ పీకొద్దు, దాని సంగతి కింద ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పానా జారి పాజిటివ్‌కు, బాడీకి మధ్య పడితే నిప్పురవ్వలే.

పై బ్రాకెట్‌కు హింజ్ నుంచి బానెట్‌లోకి పోయే బోల్టులే మంచి ఆధారం. విప్పే ముందు హింజ్ చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. ఒక పక్క ఒక్క బోల్టే తీసి, బ్రాకెట్ పెట్టి, మళ్లీ బిగించాకే రెండోది. అన్నీ ఒకేసారి వదులు చేస్తే బానెట్ జారి, గ్యాపులు సరిచేయడానికి ఇంకో పూట పోతుంది. బ్రాకెట్ బోల్టు తల కిందికి రావాలి, హింజ్‌కూ బానెట్‌కూ మధ్యలోకి కాదు. మధ్యలో దూరిస్తే పట్టీ మందం 3 మి.మీ. మేరకు బానెట్ వెనక భాగం పైకి లేచిపోతుంది. బోల్టు నుంచి పట్టీ అయిదారు సెం.మీ. కంటే ముందుకు పొడుచుకొస్తే, ఆ కొసను బానెట్ ఫ్రేమ్‌కు ఒక రివెట్ నట్‌తో పట్టించాలి.

బానెట్‌లో రంధ్రం వేయాల్సి వస్తే డ్రిల్ బిట్ కొస నుంచి 6 మి.మీ. దగ్గర టేపు చుట్టండి. లోపలి ఫ్రేముకూ పై రేకుకూ మధ్య ఖాళీ కొన్ని చోట్ల వేలెడంత, కొన్ని చోట్ల గోరంత. బిట్ ఒక్కసారి ఎక్కువ దిగితే బయట పెయింటు మీద మొటిమ లేస్తుంది. వెల్డింగ్ మాట ఎత్తొద్దు. వేడికి పై రేకు అలలు తిరుగుతుంది, రంగు కాలిపోతుంది.

కింది బ్రాకెట్‌కు మడ్‌గార్డు అంచున వరసగా ఉండే ఎం6 బోల్టులు చాలు, కానీ రెండు బోల్టులు పట్టాలి. ఒక్కదాని మీద అయితే బ్రాకెట్ తిరుగుతుంది. వరసలో బోల్టు లేని చోట అయితే రివెట్ నట్ వేయండి, లేదా రేకు వెనక మద్దతు పట్టీ పెట్టి రెండింటి గుండా అవతలికి దూరే బోల్టు వేయండి. రేకు స్క్రూలు ఇక్కడ పనికిరావు. మడ్‌గార్డు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, కొన్ని నెలల్లో మర కోసుకుపోతుంది. వేసిన ప్రతి రంధ్రం అంచుకూ ప్రైమర్ పూయండి.

బిగింపు బలం ఎం6కు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు 25 దాకా. ఎం6ను రింగ్ పానాతో పిడికిలి బలమంతా పెట్టి బిగిస్తే తెగుతుంది.

బాల్‌లు నాలుగూ పక్కకు, హింజ్ పిన్నుకు సమాంతరంగా చూడాలి. పై బాల్, కింది బాల్ ఒకే నిలువు తలంలో ఉండాలి. షాకు పక్కకు వాలి కనిపిస్తే వాషర్లు వేసి సరిచేయండి. అలాగే వదిలేస్తే రాడ్డు సీలును ఒక పక్కే అరగదీస్తుంది.

ఇప్పుడు రెండో మనిషి బానెట్‌ను పట్టుకుంటాడు, కడ్డీ మీద నుంచి భారం తీసేసి. గొట్టం వైపు సాకెట్ పై బాల్ మీద పెట్టి బొటనవేలితో నొక్కితే టక్ మంటుంది. రాడ్డు వైపు కింది బాల్ మీద. ఎక్కకపోతే బానెట్‌ను వేలెడు పైకో కిందికో కదిపి చూడాలి తప్ప, సుత్తి, కటింగ్ ప్లేయరు తీయొద్దు. రాడ్డు మీద ప్లేయరు పంటి గాటు ఒక్కటి పడినా, అది సీలు గుండా పోయిన ప్రతిసారీ సీలును కోస్తుంది. తీయాల్సి వస్తే సాకెట్ మీది స్ప్రింగు క్లిప్‌ను చిన్న స్క్రూడ్రైవర్‌తో రెండు మూడు మి.మీ. మాత్రమే ఎత్తి లాగండి. పూర్తిగా పీకితే క్లిప్ ఎగిరి ఇంజన్ సందుల్లో పడుతుంది.

రెండూ ఎక్కాక తొలిసారి మూయడం మెల్లగా. చివరి జానెడులో గట్టిగా అడ్డం తగిలితే ఆపేయండి, అది షాకు అడుగంటడమే. పొడవు మళ్లీ కొలవాలి. అడ్డం లేకపోతే అరచేతులు రెండూ లాక్ పైభాగాన, అంచుకు దగ్గరగా పెట్టి నొక్కండి. కడ్డీ రోజుల్లోలా అడుగున్నర ఎత్తు నుంచి వదిలేసే అలవాటు మానాలి, షాకులు ఆ పడే ఊపును మింగేస్తాయి, లాక్ సగమే పడుతుంది. మూసాక ముందు అంచు కింద వేలు పెట్టి ఎత్తి చూడండి. లాక్ తీసినా రెండో కొక్కెం బానెట్‌ను పట్టి ఆపుతోందా లేదా అన్నది వేరుగా చూడాలి. 44వ నంబరు హైవే మీద వేగంలో గాలి దూరితే బానెట్‌ను ఆపేది ఆ కొక్కెమొక్కటే.

తర్వాత

ఊతకడ్డీని దాని క్లిప్పులోనే ఉంచండి. గ్యాస్ షాకుకు లాక్ అంటూ ఉండదు. రెండు నిమిషాలు ఆయిలు గేజు చూడటానికి షాకులు చాలు. ఫ్యాన్ బెల్టు మార్చేటప్పుడో, తల లోపల పెట్టి గంటసేపు పని చేసేటప్పుడో కడ్డీ కూడా పెట్టాలి. ఎదురుగాలి తెరిచిన బానెట్‌ను అద్దం వైపు విరుస్తుంది, వెనక గాలి మూసేస్తుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు బండిని గాలికి అడ్డంగా నిలిపి బానెట్ ఎత్తండి.

500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఒకసారి పానా పెట్టి చూడండి. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ మిషన్ల దగ్గర తిరిగే బండ్లకు రాయి పొడే శత్రువు. రాడ్డు మీద చేరి సీలును అరగదీస్తుంది. వారానికొకసారి మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. గ్రీజు, ఇంజన్ ఆయిలు రాయొద్దు, పొడి వాటికే అంటుకుంటుంది. రాడ్డు మీద పెయింటు తుంపర కూడా పడకూడదు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ను సీలు మీదికి తిప్పొద్దు.

రాడ్డు మీద ఆయిలు చార కనిపించినా, పొద్దున చల్లటి వేళ బానెట్ మెల్లగా దిగుతున్నా షాకు పోయినట్టే. ఒకటి పోయినా రెండూ మార్చాలి. కొత్తది, పాతది కలిపితే బానెట్ మెలి తిరుగుతుంది.

పోయిన షాకును గ్యాస్ కటింగ్‌కు ఇవ్వొద్దు, మంటలో వేయొద్దు, రంధ్రం వేయొద్దు. 200 న్యూటన్ల షాకులో ఒత్తిడి సుమారు 40 బార్, లారీ టైరులో ఉండే గాలికి అయిదింతలు. బానెట్ ఎత్తలేనంత నీరసించిన షాకులో కూడా ఆ ఒత్తిడి చాలా భాగం మిగిలే ఉంటుంది. పాత ఇనుము కొట్టులో ఇచ్చేటప్పుడు ఇది గ్యాసు నింపిన షాకు అని నోటితో చెప్పి, గొట్టం మీద మార్కర్‌తో కూడా రాసి ఇవ్వండి.